ఏ పచ్చ?

కంప్యూటర్ మా ఇంటికి వచ్చిన కొత్తలో దానితో నాకు ఒక్కటే గొడవ. ఎవరూ చూడకపోయినా అది వెలుగుతూ ఉండేది.

అప్పుడు మేం గవరపాలెంలో ఒక మేడ మీద వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను, మా అబ్బాయి, కోడలు. అబ్బాయి బెల్లం మార్కెట్లో గుమస్తా. తెల్లారగానే వెళ్ళిపోయేవాడు. కోడలు డిగ్రీ చదివింది. ఇంట్లోనే కూర్చుని విశాఖపట్నంలోని ఒక ఆఫీసుకి పని చేసేది. ఆ పనేమిటో నాకు అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కడో పై దేశాల్లో డాక్టర్లు రోగిని చూశాక, రోగం ఏమిటి, ఏ మందు రాశాం అన్నది నోటితో చెప్పి రికార్డు చేస్తారట. ఆ మాటలు మా కంప్యూటర్లోకి వస్తాయి. కోడలు చెవులకి డిప్పలు తగిలించుకుని విని, ఇంగ్లీషులో టైపు కొట్టి తిరిగి పంపాలి. మాట ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద ఒక తొక్కుడు ఉండేది, కుట్టుమిషన్‌కి ఉన్నట్టు. మాది నున్నటి గచ్చు నేల. తొక్కినప్పుడల్లా అది జారిపోతోందని దాని కింద గోనెపట్టా మడతపెట్టి వేసుకునేది.

ఫైలు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిన పావుగంటలోగా తీసుకోకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అందుకని ఆమె వంటింట్లో ఉన్నా, బట్టలు ఆరేస్తున్నా, ముందు గదిలో తెర వెలుగుతూనే ఉండేది. నేను అటు వెళ్ళినప్పుడల్లా ఆపేసేదాన్ని. మనిషి లేని గదిలో దీపం ఉంచడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. మా కశింకోట ఇంట్లో ఒక్క లాంతరు ఉండేది. ఎవరు ఏ గదిలోకి వెళ్తే లాంతరు వాళ్ళతో వెళ్ళేది.

ఒకసారి అలా ఆపేసినప్పుడే ఫైలు వచ్చింది. ఆమెకి తెలియలేదు.

"తెర ఆపీసినారేటత్తయ్యా?"

"ఆపకేటి సేత్తాను? నువ్వు వంటింట్లో ఉన్నావు. ఇక్కడ ఎవులికని ఎలగాల?"

"అందులో పని వచ్చిందండి. నేను సూసుకోలేదు. ఏరే ఆవిడకి ఇచ్చీసేరు. మేడమ్ ఫోన్లో కడిగీసింది."

ఈ మేడమ్ విశాఖపట్నం ఆఫీసులో మా కోడలికి పైఅధికారి. నేను ఎన్నడూ చూడలేదు. ఆవిడ గొంతు మాత్రం ఫోన్లోంచి గది బయటికి వినిపించేది.

ఆ సాయంత్రం కోడలు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మర్నాడు మా అబ్బాయి పనిమీద విశాఖపట్నం వెళ్ళి, కంప్యూటర్ సామాన్ల షాపులో ఒక చిన్న వస్తువు కొనుక్కొచ్చాడు. తెల్లని ప్లాస్టిక్‌తో చేసింది, కుంకుమ భరిణె అంత ఉంది, ఉత్తరం కవరు ఆకారంలో. దానికి ఒక తోక. ఆ తోకని కంప్యూటర్ పెట్టెకున్న సందులో గుచ్చాడు. ఉత్తరం వస్తే ఆ కవరు వెలుగుతుందట. ఎవరి దగ్గర నుంచి వస్తే ఏ రంగు వెలగాలో మనమే పెట్టుకోవచ్చట.

"అమ్మా, ఇంక తెర నువ్వు ఎన్నిసార్లన్నా ఆపుకో. ఇది మాత్రం ముట్టుకోకు."

"ఇదెంత కరెంటు తాగుద్దిరా?"

"దోమ తాగినంత కూడా తాగదే."

కోడలు నవ్వింది. అలా మా ఇద్దరి మధ్యా రాజీ కుదిరింది. తెర ఆపి ఉండేది, లైటు కాపలా కాసేది. ఆఫీసు నుంచి వస్తే నీలం. ఎవరెవరో ఊరికే పంపే వాటికి ఎరుపు. నెల తిరిగేసరికి నేను కూర తరుగుతూ కూడా "నీలం ఎలిగిందే" అని కేకెయ్యడం నేర్చుకున్నాను. ఆమె కాస్త నడుం వాలిస్తే నేనే ఆ గదిలో కూర్చుని బియ్యం ఏరుకునేదాన్ని. కింద వాటాలో ఉండే ఇంటావిడ ఒకసారి పైకి వచ్చి చూసి, "ఏటే అప్పా, దీనికి పూలొకటే తక్కువ, దణ్ణం కూడా ఎట్టీ" అంది.

ఆ ఇంటి దగ్గరి పని పోకూడదని ఆమెకంటే నాకే ఎక్కువ భయం. దానికి కారణం ఉంది.

అంతకు రెండేళ్ళ ముందు కోడలు అదే ఆఫీసుకి రోజూ రైల్లో వెళ్ళి వచ్చేది. పొద్దున్న పాసింజరు పట్టుకోవాలి. స్టేషన్లో వంతెన ఎక్కి దిగి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్ళాలి. అప్పుడామెకి మూడో నెల. పొద్దున్నే వాంతులయ్యేవి, తెమిలేది కాదు. నేను గుమ్మంలో నిలబడి రోజూ ఒకటే పాట. "రైలు పోద్ది, అడుగెయ్యి, అడుగెయ్యి." ఆలస్యం చేసే మనిషంటే నాకు పడదు. ఆమె జడ కూడా పూర్తిగా వేసుకోకుండా పరిగెత్తేది. ఆ నెలలోనే కడుపు పోయింది. పరిగెత్తినందువల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది, ఒక్కోసారి అలా జరుగుతుందని. మా అబ్బాయీ ఏమీ అనలేదు, కోడలూ అనలేదు. ఎవరైనా ఒక మాట అని ఉంటే నేనూ ఏదో ఒకటి తిరిగి అనేదాన్ని. అనలేదు కాబట్టి ఆ "అడుగెయ్యి" నాలోనే ఉండిపోయింది.

ఇప్పుడు మళ్ళీ నాలుగో నెల నడుస్తోంది. ఈసారి రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంటి దగ్గర పని ఇవ్వడానికి ఆఫీసువాళ్ళు ఒప్పుకున్నారు గానీ, మూడు నెలలు చూస్తామన్నారు. మూడో నెలాఖరున ఒక పరీక్ష ఫైలు పంపుతారు. ఏ రోజు, ఏ వేళ పంపేదీ చెప్పరు. వచ్చిన రెండు గంటల్లోపల టైపు కొట్టి పంపాలి. సరిగ్గా చేస్తే ఇంటి దగ్గరే ఉండి చేసుకోవచ్చు. లేదంటే ఒకటో తారీకు నుంచి విశాఖపట్నం ఆఫీసుకి రావాల్సిందే.

"తప్పితే మానీ. తిండికి లేకపోలేదు కదా," అన్నాను నేను.

"మాననత్తయ్యా. రైలెక్కుతాను."

ఆమె మాట మెత్తగా ఉంటుంది గానీ వెనక్కి తిరగదు. ఎక్కుతానంటే ఎక్కుతుంది. నాకు రాత్రీ పగలూ ఆ వంతెన మెట్లే కళ్ళముందు కనిపించేవి.

పరీక్ష ఆ వారంలోనే ఉంటుందని కబురొచ్చింది. సరిగ్గా ఆ వారంలోనే స్కానింగు కూడా పడింది. టోకెన్ ముందే తీసుకున్నారు, తప్పిస్తే మళ్ళీ ఎన్నాళ్ళకో. ముందురోజు సాయంత్రం కోడలు కంప్యూటర్లో ఏదో మార్చింది. పరీక్ష ఫైలు మేడమ్ సొంత అడ్రసు నుంచి వస్తుందట. దానికి వేరే రంగు పెట్టింది. పొద్దున్న బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటూ నాకు చెప్పింది.

"నీలం ఎలిగినా, ఎర్రది ఎలిగినా పరవాలేదత్తయ్యా. పచ్చది ఎలిగితే మాత్రం ఎంటనే ఫోన్ సెయ్యండి. నంబరు కేలండరు మీద పెద్దగా రాసేను."

"పచ్చది ఎలిగితే. సరే."

"పచ్చది ఎలిగితేనే సుమండీ. ఏరే దేనికీ సెయ్యకండి. మీ ఫోన్ మోగితే నేను అన్నీ వదిలీసి పరిగెత్తుకొచ్చీగలను."

ఆ చివరి మాట నా చెవిలో మేకులా దిగింది. పరిగెత్తుకొస్తుంది. అంటే పచ్చది కాకుండా మరో దానికి ఫోన్ చేస్తే ఊరికే పరిగెత్తించినదాన్ని అవుతాను.

ఆమె వెళ్ళాక పని తొందరగా ముగించుకున్నాను. తొక్కుడు కింద గోనెపట్టా మురికిగా ఉందనిపించి ఉతికి పిట్టగోడ మీద ఆరేశాను. తర్వాత లైటుకి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. ఆ కవరు తెల్లగా, ఊపిరి లేనట్టు ఉంది. ఎండ దానిమీద పడితే వెలిగిందేమో అనిపించేది. లేచి కిటికీ తలుపు దగ్గరగా వేశాను. తర్వాత గోడ గడియారం వైపు చూడ్డం, లైటు వైపు చూడ్డం, ఇంతే. పప్పులో రాళ్ళు ఏరడానికి చేట ఒళ్ళో పెట్టుకున్నాను గానీ ఒక్క రాయి కూడా ఏరలేదు.

పది దాటి ఇరవై నిమిషాలకి వెలిగింది.

ఫోన్ మీదికి చెయ్యి పోయింది. అప్పుడు సరిగ్గా చూశాను. నీలం కాదు, ఎరుపు కాదు, పచ్చా కాదు. ఆకురంగు.

ఆకురంగు గురించి ఆమె నాకేమీ చెప్పలేదు. కొత్త రంగు. అది కొట్టుకుంటోంది, ఆరుతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. చెయ్యి ఫోన్ మీద అలాగే ఉంచి ఆలోచించాను. పచ్చది అయితేనే అంది. వేరే దేనికీ వద్దంది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఆస్పత్రి మెట్ల మీద నుంచి పరిగెత్తుతుంది. ఏ షాపు వాళ్ళో పంపిన చీటీ కోసం పరిగెత్తించానంటే మా అబ్బాయికి నేనేం చెప్పను? చెయ్యి తీసేశాను.

అంతలో కింద ఇంటావిడ పెరుగు తోడుకని గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఓలమ్మో, ఇయ్యాల సిలకరంగు కట్టిందే మీ అమ్మోరు," అంది లైటు చూసి. "భలేగుందప్పా. దేనికిది?"

"తెలీదు. మా పిల్ల పచ్చ కోసం సూత్తంది. ఇది అది కాదు."

"మరి అదెప్పుడెలుగుద్దో?"

"ఎలిగినప్పుడు ఎలుగుద్ది. నీకు తోడు కావాలా, కబుర్లు కావాలా?"

ఆవిడ నవ్వుకుంటూ తోడు తీసుకుని పోయింది. నేను మళ్ళీ కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు కాస్త నిబ్బరం కూడా వచ్చింది. తొందరపడి ఫోన్ చెయ్యలేదు, బుద్ధిగా ఆగాను అనుకున్నాను. అయినా ఆ ఆకురంగు ఆగడం లేదు. నీలమూ ఎరుపూ అంతసేపు అలా కొట్టుకున్నట్టు గుర్తు లేదు. ఎవరో తలుపు దగ్గర నిలబడి గొళ్ళెం కొడుతూనే ఉన్నట్టుంది.

పదకొండుంపావుకి ఫోన్ మోగింది. కోడలే.

"అత్తయ్యా, పచ్చది ఎలగలేదు కదా?"

"లేదమ్మా. నువ్వు నిబ్బరంగా కూకో. పేరు పిలిసేరా?"

"ఇంకా ముగ్గురున్నారు. స్కానింగుకని నీళ్ళు తాగించీసేరు, పొట్ట పగిలిపోతంది. నిజంగా ఏదీ ఎలగలేదాండీ?"

"పచ్చది ఎలగలేదంటన్నాను కదా. ఆకురంగుదొకటి ఎలిగింది. అదే కొట్టుకుంటంది ఇందాకట్నుంచీ."

ఆస్పత్రిలో ఎవరినో టోకెన్ నంబరుతో పిలవడం వినిపించింది.

"ఆకురంగంటే?"

"ఆకురంగంటే ఆకురంగే. సిలకరంగు. కరేపాకు రంగు."

"అత్తయ్యా, అదే పచ్చ."

"అదెలాగ పచ్చవుద్దే? పచ్చంటే పసుపు కదేటి?"

"ఎప్పుడెలిగింది?" గొంతు మారిపోయింది.

"పది దాటి ఇరవైకి."

"అయితే పన్నెండూ ఇరవైలోగా పంపాల. వచ్చేత్తన్నాను."

"పరిగెట్టకే! పరిగెట్టకు!" అని అరిచాను. అప్పటికే ఫోన్ పెట్టేసింది. నేను వట్టి ఫోన్లోకి ఇంకా రెండుసార్లు అరిచాను.

మా అత్తగారింట్లో బెల్లం వండే కొలిమి దగ్గర చెరుకు పాకం కాచేవాళ్ళు. పెనంలో పాకం ముదిరి బంగారంలా తిరగ్గానే మా మామగారు "పచ్చబడింది, దించండి" అనేవారు. బెల్లం పచ్చగా ఉందంటే మంచి సరుకు అని. పచ్చ చీరంటే పసుపు చీర, పచ్చ చేమంతంటే పసుపు చేమంతి. నా బతుకంతా ఆ మాట అలాగే విన్నాను, అలాగే అన్నాను. చెట్టు రంగుని ఆకురంగు అంటాం, చిలకరంగు అంటాం. మా కోడలిది రోలుగుంట వైపు. కొండలు, తోటలు. అక్కడ పచ్చ అంటే చెట్టేనేమో. మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమె పచ్చ, నా పచ్చ వేరని ఇద్దరికీ తెలియలేదు.

ఇదంతా నేను అప్పుడు కూర్చుని ఆలోచించలేదు. అప్పుడు మేడ మెట్ల పైన నిలబడి వీధి చివర చూస్తున్నాను. ఒక్కో ఆటో వస్తుంటే ఒక మెట్టు దిగేదాన్ని. ఆగకుండా వెళ్ళిపోతుంటే మళ్ళీ ఎక్కేదాన్ని. ఆమె టైముకి రావాలని ఒకసారి, అసలు రాకుండా ఆస్పత్రిలోనే ఉండిపోతే బాగుండునని ఒకసారి అనుకున్నాను. రెండూ కావాలని మనసు. లోపలికి వెళ్ళి గడియారం చూసేదాన్ని, మళ్ళీ బయటికి. పదకొండున్నర. పదకొండూ ముప్పై ఐదు.

పదకొండూ నలభైకి ఆటో ఆగింది. ఆమె దిగింది, మెట్ల వైపు పరుగు మొదలుపెట్టింది. నేను కిందికి దిగి మూడో మెట్టు మీద అడ్డంగా నిలబడ్డాను.

"ఆగు."

"అత్తయ్యా, టైం అయిపోతంది, జరగండి."

"అయిపోనీ. నా సెయ్యి పట్టుకో. ఒక మెట్టుకి రెండు కాళ్ళూ ఎట్టాల, అప్పుడు ఇంకో మెట్టు."

"అత్తయ్యా!"

"ఎట్టు."

నా ముఖంలో ఏం కనిపించిందో, ఆమె నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. పద్దెనిమిది మెట్లు. ఒక్కొక్కటీ ఎక్కాం. ఆమె ఊపిరి నాకు వినిపిస్తోంది. లోపల గడియారం నడుస్తోందని ఇద్దరికీ తెలుసు. సగం మెట్ల దగ్గర చూశాను, ఆమె కాళ్ళకి చెప్పుల్లేవు. స్కానింగు గది బయట విప్పిన చెప్పులు అక్కడే వదిలేసి వచ్చింది.

పైకి రాగానే ముందు బాత్రూంకి వెళ్ళింది. ఆ నీళ్ళన్నీ కడుపులోనే ఉన్నాయి మరి. తర్వాత కుర్చీలో కూర్చుని తెర వెలిగించింది, డిప్పలు తగిలించుకుంది. తొక్కుడు తొక్కింది. అది సర్రున గోడ దాకా జారిపోయింది.

"గోనెపట్టా ఏదండీ?"

పట్టా పిట్టగోడ మీద తడిగా ఉంది. నేనే ఉతికాను. ఆ రోజు నా చేతిలో ఏ పనీ మంచిగా పడలేదు. ఇంకేం చెయ్యాలో తోచక బల్ల కిందికి దూరి, నేల మీద కూర్చుని, ఆ తొక్కుడుని రెండు చేతులా పట్టుకున్నాను.

"తొక్కు," అన్నాను.

అరగంటసేపు అలాగే కూర్చున్నాను. ఆమె మునివేళ్ళతో తొక్కుతుంటే నా చేతులు బల్లలా ఉండాలి. తొక్కుతుంది, వదులుతుంది, మళ్ళీ తొక్కుతుంది. ఒకే చోట నాలుగైదుసార్లు తొక్కితే అక్కడ ఏదో మాట అర్థం కాలేదని నాకు తెలిసేది. అప్పుడు నా ప్రాణం నిలిచిపోయేది. పైన టైపు చప్పుడు ఆగితే భయం, మొదలైతే కాస్త ఊపిరి. ఆమె పాదానికి రోడ్డు మట్టి అంటుకుని ఉంది. మడమ దగ్గర చిన్న గీత పడి ఎర్రగా ఉంది. ఎక్కడ గుచ్చుకుందో. నా ముంజేతి మీద పచ్చబొట్టు సరిగ్గా ఆ పాదం పక్కనే ఉంది. పన్నెండేళ్ళ వయసులో పొడిపించుకున్న తేలుబొమ్మ. అది ఏ రంగో అప్పుడు చూశాను. ఆకురంగు. పొద్దుట్నుంచీ చేట పట్టుకుని కూర్చున్న చెయ్యి అదే.

పైన ఏదో గట్టిగా నొక్కింది. డిప్పలు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"ఎళ్ళిపోయిందత్తయ్యా."

"ఎంతయింది?"

"పన్నెండూ పదహారు."

నేను బల్ల కింద నుంచి వెంటనే లేవలేకపోయాను. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఆమె చెయ్యి ఇచ్చి లాగింది. కడుపుతో ఉన్న పిల్ల చేత లాగించుకున్నానని తర్వాత నన్ను నేనే తిట్టుకున్నాను.

"రెండు మాటలు నాకు వినబడలేదు," అంది ఆమె. "ఖాళీ గీత గీసి వదిలీసేను. తోచింది రాసీయొచ్చు గానీ, అవి మందుల పేర్లు. తప్పు రాస్తే ఎవులికో ప్రాణం మీదకి వత్తాది."

"అయితే తప్పినట్టేనా?"

"తెలీదు."

ఆమె పడుకుంది. నేను గోరువెచ్చని నీళ్ళతో ఆ మడమ కడిగి పసుపు పెట్టాను. ఒక మాట చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. రాలేదు. ఆమె కళ్ళు మూసుకునే "పచ్చకామెర్లు ఏ రంగత్తయ్యా?" అంది.

"పసుపు."

"పచ్చిమిరపకాయ?"

"నోర్మూసుకుని పడుకో."

ఆమె పెదవి కొంచెం వంగింది. అంతే. సాయంత్రం మా అబ్బాయి ఆస్పత్రికి వెళ్ళి చెప్పులు తెచ్చాడు, బతిమాలి టోకెన్ మర్నాటికి మార్పించాడు. జరిగింది విని "ఇద్దరిదీ కరెక్టే. తప్పంతా ఆ లైటుది" అన్నాడు. వాడికి నవ్వులాటగా ఉంది. రాత్రి అన్నం వాడొక్కడే కడుపునిండా తిన్నాడు.

మర్నాడు స్కానింగుకి నేనూ వెళ్ళాను. ఈసారి లైటుకి కాపలా అక్కర్లేదు, పరీక్ష అయిపోయింది. లోపల బిడ్డ గుండె చప్పుడు వినిపించిందని కోడలు చెప్పింది. ఆ ఒక్క మాటతో నేను ఆటోలో తిన్నగా కూర్చోగలిగాను. కానీ ఒకటో తారీకు దగ్గరకొస్తోంది. మేడమ్ దగ్గర నుంచి ఏ కబురూ లేదు. ఆ రోజంతా రెండు నీలాలు, మూడు ఎరుపులు. ఆ మర్నాడు ఒక్క ఎరుపు. కోడలు రైలు పాసు ఉన్న పాత సంచీ బీరువాలోంచి తీసి దులపడం చూశాను.

మూడో రోజు పొద్దున్న ఆమె స్నానానికి వెళ్ళింది. నేను ముందు గది ఊడుస్తున్నాను. చీపురు బల్ల దగ్గరికి వచ్చేసరికి లైటు వెలిగింది.

ఆకురంగు. ఈసారి నాకు పేరు తెలుసు. పచ్చ.

"పచ్చ ఎలిగిందే!" అన్న కేక గొంతు దాకా వచ్చింది. బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది. ఆ బాత్రూం గచ్చు ముందు గది కంటే నున్నన. సబ్బు నీళ్ళు. నేను కేకేస్తే ఆమె చీర చుట్టుకుని పరిగెత్తుకొస్తుంది. నాకు తెలుసు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆ లైటు ఉద్యోగం ఉందని చెబుతోందో, రైలెక్కమని చెబుతోందో నాకు తెలియదు. నాకు ఇంగ్లీషు రాదు. తెర వెలిగించినా చదవలేను. అది కొట్టుకుంటూ ఉంది. నేను చీపురు పట్టుకుని దాని ముందే నిలబడ్డాను. ఆమె నీళ్ళు పోసుకుంది. తల తుడుచుకుంది. ఏదో కూనిరాగం తీసింది. ఆ పిల్ల అంత నెమ్మదిగా స్నానం చేస్తుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. తలుపు తీసి, గది దాటి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుంటూ వచ్చింది. నేను లైటుకి అడ్డంగా నిలబడ్డాను. వంటింట్లోకి తీసుకెళ్ళి పాలు ఇచ్చాను.

"తాగు."

"తరవాత తాగుతానండి."

"ఇప్పుడే. కూకుని."

తాగింది. గ్లాసు నా చేతికిచ్చింది. అప్పుడు చెప్పాను.

"ఎలిగింది."

"ఏటీ?"

"పచ్చ."

ఆమె లేవబోయి ఆగింది. "ఏ పచ్చ?"

"మీ రోలుగుంట పచ్చ."

నడిచే వెళ్ళింది. నేను వెనకే ఉన్నాను, పడితే పట్టుకోవడానికి. తెర వెలిగించి చదివింది. మొదటిసారి చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. నేను ఆమె ముఖం చదువుతున్నాను.

"ఇంటి దగ్గరే సేసుకోమన్నారత్తయ్యా. ఒకటో తారీకు నుంచి పర్మనెంటు." కళ్ళు తుడుచుకుంది. "మందు పేర్లు ఊహించి రాయకుండా ఖాళీ వదిలినందుకు మేడమ్ మెచ్చుకుంది. మిగతా తప్పులు మొత్తం ఏడట. అవి లిస్టు రాసి మరీ పంపింది."

నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. వంతెన మెట్లు నా కళ్ళముందు నుంచి పోవడానికి కాసేపు పట్టింది.

ఆమె తెర మీద ఒక మూల చూసింది. తర్వాత గడియారం చూసింది.

"ఎనిమిదీ పదికి వచ్చింది. ఇప్పుడు ముప్పావు దాటింది. మీరు సూళ్ళేదాండీ?"

"సూసేను. వచ్చినప్పుడే సూసేను."

"మరి పిలవలేదేటి?"

"నేల తడిగుంది."

ఆమె నా వైపు తిరిగి చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. రెండేళ్ళ క్రితంలాగే. కానీ ఈసారి ఆ ఏమీ అనకపోవడం నాకు బరువుగా లేదు. తర్వాత చెయ్యి చాచి, నేను ఆపకముందే, తెర తనే ఆపేసింది.